కప్పతల్లి ఆడదా? మగదా?

తొలకరి పడిన మర్నాడు కౌకూర్‌లో ఉంటున్న ఒక మిత్రుడి ఇంటికి వెళ్ళాను. హైదరాబాదుకు ఉత్తరాన, బొల్లారం, యాప్రాల్‌లకు ఆనుకుని ఉన్న ఊరది. చీకటి పడేసరికి ఇంటి వెనక ఖాళీ జాగాలో నిలిచిన వాననీళ్ళలోంచి కప్పలు అందుకున్నాయి. ఒకటి మొదలుపెట్టడం, పది గొంతులు కలపడం, ఉన్నట్టుండి అన్నీ ఆగిపోవడం! మేం మాట్లాడుకోవడం మానేసి వాటి కచేరీ వింటూ కూర్చున్నాం.

మా మిత్రుడి తల్లిగారికి చిన్ననాటి రోజులు గుర్తుకొచ్చాయి. "వానలు పడకుంటే మేము కప్పతల్లి ఆడుకునేటోళ్ళం సారూ. రోకలికి కప్పను కట్టి, వేపమండలు కట్టి ఇల్లిల్లు తిరుగుతుంటే ఆడోళ్ళందరు బిందెలతోని నీళ్ళు పోసేటోళ్ళు" అన్నదామె.

తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలు వెంటనే అడిగింది: "తల్లి అంటున్నవు గదా నానమ్మా! మీరు కట్టిన కప్ప ఆడదేనని ఎట్ల తెలిసేది?"

"దొరికిన కప్పను కట్టేటోళ్ళం బిడ్డా. ఆడదో మగదో ఎవరు చూసిండ్రు?" అని ఆ పెద్దావిడ నవ్వేసింది.

ఆ ప్రశ్న నా మీదికి వచ్చింది. కప్పల్లో ఆడ, మగ గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. వానాకాలంలో బెకబెకమని అరిచేవన్నీ మగవే. ఆడకప్పలు ఆ అరుపు విని వస్తాయి. మన గోండ్రుకప్పనే తీసుకోండి. మగదానికి గొంతుకు రెండువైపులా ముడతలుపడిన సంచులుంటాయి. అరిచేటప్పుడు అవి నీలిరంగు బుడగల్లా ఉబ్బుతాయి. తొలివానలకు దాని ఒళ్ళంతా పసుపు పూసినట్టు మారిపోతుంది. ముందుకాళ్ళ మొదటి వేలి దగ్గర మెత్తలాంటి ఉబ్బు వస్తుంది. ఆడదానికి ఇవేవీ ఉండవు, కాని శరీరం పెద్దది. ఇంతవరకు చెప్పి ఇక తప్పించుకున్నాననుకున్నాను. ఆ అమ్మాయి మరో ప్రశ్న వేసింది.

"అయితే అంకుల్, మగకప్పకి కూడా మనలాగే వై క్రోమోసోము ఉంటుందా?"

ఉంటుంది అనీ చెప్పాలి, ఉండదు అనీ చెప్పాలి! ఆ సాయంత్రం సగం సగం చెప్పిన జవాబును ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందు మన సంగతి

మనిషి కణంలో 23 జతల క్రోమోసోములుంటాయని మీరు చదువుకున్నారు. వాటిలో 22 జతలు ఆడవారిలోనూ మగవారిలోనూ ఒకే తీరు. మిగిలిన ఒక్క జతలోనే తేడా. ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై. తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్‌నే. తండ్రి ఎక్స్ ఇస్తే అమ్మాయి, వై ఇస్తే అబ్బాయి. ఈ కిటుకును 1905లో అమెరికాలో నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శినిలో చూసి పట్టుకుంది. ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని సాధించే అత్తగార్లు ఇవాళ్టికీ ఉన్నారు. నూరేళ్ళు దాటినా ఆ పిండిపురుగుల వార్త వారికింకా చేరలేదన్నమాట!

పక్షుల్లో ఇది తలకిందులు. కోడిపుంజుకు ఒకే రకం క్రోమోసోములు రెండు ఉంటాయి. వాటిని జెడ్ అంటారు. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యు. అంటే పిల్ల ఆడదా మగదా అన్నది అక్కడ తల్లి తేలుస్తుంది.

మరి కప్ప? ఒకప్పుడు ఇంటర్మీడియట్ విద్యార్థులు ప్రయోగశాలలో కోసి చదివిన గోండ్రుకప్పకు 26 క్రోమోసోములు, అంటే 13 జతలు. ఆడకప్ప కణాన్నీ మగకప్ప కణాన్నీ పక్కపక్కన పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే 13 జతలూ 13 జతల కవలల్లా కనిపిస్తాయి. మనలో మాదిరి పొడుగాటి ఎక్స్ పక్కన పొట్టి వై అంటూ ఏదీ కంటబడదు. కప్పల్లో అత్యధిక భాగం ఇంతే. చేపల్లోనూ చాలావాటి సంగతి ఇదే.

కంటికి కనబడనిదాన్ని పట్టుకోవడం

కనబడకపోతే లేదనుకోవచ్చా? అక్కడే ఒక చక్కని ప్రయోగం ఉంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

ఆఫ్రికాలో జెనోపస్ అనే కప్ప ఉంది. వెనక కాలివేళ్ళకు గోళ్ళుంటాయి కనుక దాన్ని గోళ్ళకప్ప అంటారు. చాంగ్, విట్షీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీని తోకకప్పలను స్త్రీ హార్మోను కలిపిన నీళ్ళలో పెంచారు. 1956లో వారు ప్రకటించిన ఫలితం ఇది: అన్నీ ఆడకప్పలే అయ్యాయి. మగవి కావలసిన సగం కూడా ఆడవై, పెరిగి పెద్దవై, గుడ్లు పెట్టాయి. క్రోమోసోములు మాత్రం పాతవే. వీటిని మామూలు మగకప్పలతో జతకట్టించారు.

ఇప్పుడు లెక్క వేయండి. ఈ కప్పలో మనలాంటి ఎక్స్, వై పద్ధతి ఉందనుకుందాం. అప్పుడు ఆడదిగా మారిన కప్ప ఎక్స్‌వై, దాని జత కూడా ఎక్స్‌వై. పిల్లలు నాలుగింటిలో ఒకటి ఎక్స్‌ఎక్స్, రెండు ఎక్స్‌వై, ఒకటి వైవై. అంటే నాలుగో వంతు ఆడపిల్లలు పుట్టాలి. అలా కాక పక్షుల పద్ధతి ఉందనుకుందాం. అప్పుడు మారిన కప్ప జెడ్‌జెడ్, జత కూడా జెడ్‌జెడ్. పిల్లలన్నీ జెడ్‌జెడ్, అన్నీ మగవే కావాలి.

హార్మోనుతో ఆడవైన కప్పల్లో కొన్నింటి పిల్లలు సగం ఆడ, సగం మగ. అవి పుట్టుకతోనే ఆడవి. మిగిలినవాటి పిల్లలు? అన్నీ మగవే! సూక్ష్మదర్శినికి చిక్కని జెడ్, డబ్ల్యులు పిల్లల లెక్కకు చిక్కాయి.

ఆ డబ్ల్యు మీద ఉన్న అసలు జన్యువు మాత్రం 2008 దాకా దొరకలేదు. జపాన్ శాస్త్రజ్ఞులు దాన్ని పట్టుకుని డి.ఎం.డబ్ల్యు. అని పేరు పెట్టారు. అది పనిచేసే తీరు తెలిస్తే మీకు నవ్వొస్తుంది. చాలా జంతువుల్లో డి.ఎం.ఆర్.టి.1 అనే జన్యువు ఒకటి ఉంది. దాని ప్రోటీను క్రోమోసోముల మీద కొన్ని నిర్ణీత స్థానాల్లో కూర్చుని ముష్కాలు తయారయ్యే పని మొదలుపెడుతుంది. ఏనాడో గోళ్ళకప్ప పూర్వీకుల్లో ఈ జన్యువుకు ఒక నకలు తయారై డబ్ల్యు మీద చేరింది. అది సగం నకలే. స్థానంలో కూర్చునే భాగం ఉంది, పనిచేసే తోక భాగం లేదు. పండగరోజు ఆర్టీసీ బస్సు రాగానే కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు పడేసేవాళ్ళను చూసే ఉంటారు. రుమాలు ప్రయాణం చేయదు, కాని ఇంకొకర్ని కూర్చోనివ్వదు. డి.ఎం.డబ్ల్యు. చేసేది అచ్చం అదే. మగతనం తెచ్చే ప్రోటీనుకు సీటు దొరకదు. ముష్కాల బదులు అండాశయాలు తయారవుతాయి.

వరిచేపలు చెప్పిన కథ

చేపల్లో ఈ కథ ఇంకా రసవత్తరంగా ఉంది. జపాన్ వరిపొలాల్లో మెడాకా అనే చిన్న చేప ఉంటుంది. ఈ రకం చేపల ప్రజాతికి ఒరైజియాస్ అనే పేరు ఒరైజా అన్న మాటనుంచి, అంటే వరి శాస్త్రీయ నామంనుంచి వచ్చింది. మనం వరిచేపలు అనుకుందాం. 1921లో టాట్సువో ఐడా అనే జపాన్ శాస్త్రజ్ఞుడు వీటి రంగుల వారసత్వాన్ని ప్రకటించాడు. ఎర్ర మగచేపను తెల్ల ఆడచేపతో కలిపి తరతరాలుగా చూస్తే కొడుకులు ఎర్రగా, కూతుళ్ళు తెల్లగా వచ్చిన వంశాలు కనబడ్డాయి. ఎరుపు తండ్రి వై మీద ప్రయాణం చేస్తోందన్నమాట. దాదాపు అదే రోజుల్లో డెన్మార్కులో ష్మిట్, వింగే అనేవారు గప్పీ చేపల్లో ఇదే చూశారు. గప్పీలు మీకు తెలిసినవే. దోమల పిల్లలను తింటాయని మన ఊళ్ళ బావుల్లోనూ నీటితొట్లలోనూ వదులుతారు. వాటి మగచేపల తోకల మీది చుక్కల్లో కొన్ని తండ్రినుంచి కొడుక్కే వస్తాయి.

ఐడా వంశాల్లో అక్కడక్కడ ఒక పొరపాటు చేప కూడా వచ్చేది: ఎర్ర కూతురో, తెల్ల కొడుకో. అది నిజానికి పొరపాటు కాదు. మెడాకాలో ఎక్స్, వైలు అప్పుడప్పుడు తమ ముక్కలను మార్చుకుంటున్నాయని దానర్థం. మన ఎక్స్, వైలు చివరి కొసల దగ్గర తప్ప ఈ పని చేయవు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

2002లో మెడాకా వై మీది మగ జన్యువు దొరికింది. అది ఏమిటో ఊహించండి. ఇక్కడా డి.ఎం.ఆర్.టి.1 నకలే! గోళ్ళకప్పలో నకలు తయారైంది వేరు, ఇక్కడ తయారైంది వేరు. అక్కడ సగం నకలు ఆడదాన్ని చేస్తే, ఇక్కడ నిండు నకలు మగదాన్ని చేస్తోంది. ఈ నకలు పుట్టి కోటి సంవత్సరాలే అయిందని అంచనా. మన వైకి పదహారు, పదిహేడు కోట్ల ఏళ్ళుంటాయి. దాని ముందు ఇది పసిబిడ్డ.

సరే, దగ్గరి చుట్టాల సంగతి చూద్దామని శాస్త్రజ్ఞులు మిగతా వరిచేపలను పరీక్షించారు. వాటిలో చాలా జాతుల్లో మెడాకా మగ జన్యువు జాడే లేదు! ఫిలిప్పీన్స్‌లోని ఒక జాతిలో మగదాన్ని చేసే జన్యువు వేరు, దాని క్రోమోసోమూ వేరు. మన దేశపు తీరాల్లో, ఏరూ సముద్రమూ కలిసే ఉప్పుకలిసిన నీళ్ళలో ఉండే ఒరైజియాస్ డాన్సెనాలో సాక్స్3 అనే మరో జన్యువు ఆ పని చేస్తోందని 2014లో తేలింది. జావా వరిచేపలో అసలు పద్ధతే మారిపోయి జెడ్, డబ్ల్యు వచ్చింది. గుర్రమూ గాడిదా అంత దగ్గర చుట్టాలైన చేపల్లో, ఆడా మగా తేల్చే మూలసూత్రమే ఒకదానికి ఉన్నట్టు మరొకదానికి లేదు.

జపాన్‌లోనే ఫ్యూగు అనే విషపు చేప ఉంది. దాని జన్యుగ్రంథంలో సుమారు 40 కోట్ల అక్షరాలున్నాయి. ఆడదానికీ మగదానికీ తేడా ఎంతని వెతికితే 2012లో తేలింది ఎంతో తెలుసా? ఒక్క అక్షరం! ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిన క్రోమోసోమే అక్కడ వై.

ముడుచుకుపోయే క్రోమోసోము

ఇంతకూ మన వై ఎందుకంత పొట్టిది? ఎక్స్ మీద 800 పైచిలుకు జన్యువులుంటే వై మీద సుమారు వంద ఉన్నాయి. అందులోనూ చాలాభాగం ఒకే జన్యువుకు నకళ్ళు. సుసుమూ ఓనో అనే శాస్త్రజ్ఞుడు 1967లో రాసిన పుస్తకంలో దీన్ని విడమరిచి చెప్పాడు. ఎక్స్, వైలు మొదట్లో ఒక మామూలు జత. ఒకదాని మీద మగతనం తేల్చే జన్యువు పుట్టింది. ఆ జన్యువు తన జతగాడి మీదికి జారిపోతే గందరగోళం కనుక, రెండూ ముక్కలు మార్చుకోవడం క్రమంగా ఆగిపోయింది. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఇద్దరు స్నేహితులు ఒకే పాఠం నోట్సు రాసుకున్నారనుకోండి. ఒకరి నోట్సులో తప్పులుంటే రెండోవారి నోట్సు చూసి మంచి పేజీలన్నీ ఒకచోట చేర్చుకోవచ్చు. జత క్రోమోసోములు బీజకణాలు తయారయ్యేటప్పుడు ముక్కలు మార్చుకోవడం వల్ల జరిగే మేలు ఇదే. తప్పులున్న పేజీలు ఒకవైపు పోగై, రాలిపోతాయి. ఎక్స్‌కు ఆడవారి శరీరంలో మరో ఎక్స్ తోడుంటుంది. వై మాత్రం తరతరాలుగా ఒంటరిది. దానికి పోల్చి చూసుకునే నోట్సు లేదు. పడిన తప్పు పడినట్టే ఉంటుంది. ఒక్కొక్క జన్యువే చెడి, ఊడి, చివరికి వై ముడుచుకుపోతుంది. డబ్ల్యు కథ కూడా ఇదే.

ఈ ముడుచుకుపోవడాన్ని మెట్టుమెట్టుగా చూపించినవి పాములు. ఆ కథకు మన దేశంతోనూ హైదరాబాదుతోనూ సంబంధం ఉంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎస్.పి. రాయ్‌చౌధురి, ఆయన శిష్యుడు లాల్జీ సింగ్ 1970 ప్రాంతాల్లో రకరకాల పాముల క్రోమోసోములను పరీక్షించారు. కొండచిలువ కుటుంబంలో జెడ్, డబ్ల్యు ఒక్కలాగే ఉన్నాయి. నాగుపాము, కట్లపాము కుటుంబానికి వచ్చేసరికి డబ్ల్యు బాగా మారిపోయింది. తర్వాత లాల్జీ సింగ్ ఎడిన్‌బరోలో కెన్నెత్ జోన్స్‌తో కలిసి ఒకరకం కట్లపాము డి.ఎన్.ఎ.నుంచి డబ్ల్యు మీద పేరుకున్న ఒక ముక్కను వేరుచేశాడు. 1980లో ప్రకటించారు. నాలుగంటే నాలుగు అక్షరాలు, జి, ఎ, టి, ఎ, పదేపదే వచ్చే ముక్క అది. నోట్సు పుస్తకంలో పాఠం చెరిగిపోయి, ఒకే మాట వందలసార్లు రాసి ఉన్న పేజీల్లాంటిది. ఆ కట్లపాము ప్రజాతి పేరు బంగారస్. అది మన తెలుగు 'బంగారు పాము' నుంచి వచ్చింది. లాల్జీ సింగ్ 1987లో హైదరాబాదు ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి.లో చేరాడు. పాము ఆడదా మగదా అని వెతకబోయి దొరికిన ఆ ముక్కతోనే మనుషుల డి.ఎన్.ఎ. వేలిముద్రలు తీసే పద్ధతిని 1988లో రూపొందించాడు. తండ్రెవరో తేల్చే కోర్టు కేసులకు పాము సాక్ష్యం! 1998 నుంచి 2009 దాకా ఆయన ఆ సంస్థకు డైరెక్టరు. 2017లో కన్నుమూశాడు.

కప్ప ఎందుకు ముడుచుకోలేదు?

ఇప్పుడు అసలు చిక్కు అర్థమవుతోందా? కప్పలు ఈ భూమి మీదికి పాములకన్న ముందే వచ్చాయి. ఓనో చెప్పినట్టయితే ఈపాటికి వాటి వైలూ డబ్ల్యులూ ఎండిన చింతకాయల్లా ఉండాలి. మరి కవలల్లా ఎందుకున్నాయి?

దీనికి రెండు జవాబులున్నాయి. రెండూ నిజమేననిపిస్తోంది.

మొదటిది: కప్ప ఒకే క్రోమోసోమును అంటిపెట్టుకుని ఉండదు. పాతది ముడుచుకుపోయే లోపల ఇంకో జత ఆ పని అందుకుంటుంది. కుర్చీలాట అనుకోండి. 2018లో కొందరు శాస్త్రజ్ఞులు 28 జాతుల కప్పల డి.ఎన్.ఎ. పరీక్షించి చూస్తే, వాటి వంశవృక్షంలో లింగ క్రోమోసోము కనీసం 13 సార్లు మారినట్టు తేలింది. తమాషా ఏమిటంటే ఈ కుర్చీలాట 13 జతలూ ఆడటం లేదు. కొన్ని జతలే మళ్ళీ మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాయి. వాటిలో ముందువరుసలో ఉన్న ఒకటో క్రోమోసోము మీద ఏ జన్యువుందో చెప్పనక్కర్లేదు. మన పాత మిత్రుడు డి.ఎం.ఆర్.టి.1!

ఆట మధ్యలో ఉండగా చూడాలంటే జపాన్ వెళ్ళాలి. అక్కడ ఒంటినిండా ముడతలుండే ఒక కప్ప ఉంది. గ్లాండిరానా రుగోసా అంటారు. దేశం మధ్యభాగంలో హమామత్సు చుట్టుపక్కల దొరికే వాటిలో మగది ఎక్స్‌వై. ఉత్తర భాగంలో దొరికే వాటిలో ఆడది జెడ్‌డబ్ల్యు. రెండు చోట్లా ఆ పని చేసేది ఏడో క్రోమోసోమే. అక్కడ తండ్రి తేలుస్తాడు, కొన్ని జిల్లాలు దాటితే తల్లి తేలుస్తుంది! (జపాన్ కప్పల్లో అత్తగార్లుంటే ఏ ఊళ్ళో ఎవర్ని సాధించాలో తెలియక తికమకపడేవారు.) ఇక గోళ్ళకప్పకు చెల్లెలివరస అయిన జెనోపస్ ట్రాపికాలిస్‌లో డబ్ల్యు, జెడ్, వై మూడూ ఒకే జాతిలో ఉన్నాయి. వైడబ్ల్యు అయిన కప్ప మగది, డబ్ల్యుడబ్ల్యు అయినా జెడ్‌డబ్ల్యు అయినా ఆడది.

రెండో జవాబు స్విట్జర్లాండుకు చెందిన నికొలా పెరాన్ 2009లో చెప్పాడు. ఐడా చేపల గురించి గుర్తుంచుకోమన్నాను కదా. కప్పల్లో క్రోమోసోములు ముక్కలు మార్చుకోవడం అన్నది ఎక్స్, వైల మీద కాక, ఆ శరీరం ఆడదా మగదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మగకప్పలో ఏ జతయినా సరే ముక్కలు మార్చుకునేది చాలా తక్కువ. ఆడకప్పలో ధారాళంగా మార్చుకుంటాయి. అప్పుడప్పుడు వేడివల్లనో మరో కారణంవల్లనో ఒక ఎక్స్‌వై తోకకప్ప దారి తప్పి ఆడకప్ప అయిందనుకోండి. ఆడ శరీరం కనుక దానిలో ఎక్స్, వైలు హాయిగా ముక్కలు మార్చుకుంటాయి. ఒంటరి వైకి ఒక్కసారి తోడు దొరికింది. పేరుకున్న తప్పులు కడుక్కుపోయాయి. వేలల్లో ఒకటి ఇలాంటి కప్ప పుట్టినా చాలు, వై ముసలిది కాదు. ఇది వట్టి ఊహ కాదు. 2011లో యూరపు చెట్టుకప్పలు మూడు జాతుల ఎక్స్, వైలను పోల్చి చూశారు. ఎన్నడూ కలవకపోయి ఉంటే మూడు జాతుల వైలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. అలా లేవు. ఏ జాతి వై ఆ జాతి ఎక్స్‌కే దగ్గరగా ఉంది.

వై ముడుచుకుపోలేదు కనుకనే కప్పల్లో, చేపల్లో మనలో కుదరనిది ఒకటి కుదురుతుంది. జపాన్‌లో యమమోటో అనే ఆయన 1953లో ఎక్స్‌వై మెడాకాలను హార్మోనుతో ఆడవిగా మార్చి, మామూలు మగవాటితో కలిపాడు. ఆ సంతతిలో వైవై చేపలు కూడా దొరికాయి. అవి బతికి, పిల్లల తండ్రులయ్యాయి! మనుషుల్లో ఎక్స్ లేని పిండం బతకదు, అవసరమైన జన్యువులెన్నో దాని మీదే ఉన్నాయి. మెడాకా వై మీద అవన్నీ ఇంకా భద్రంగా ఉన్నాయన్నమాట.

చెరువులో లెక్క తప్పితే

ఇదంతా పుస్తకాల్లో ఉండే సంగతి కాదు. తిలాపియా చేప 1952లో మన దేశానికి వచ్చింది. దాని ఇబ్బందేమిటంటే చిన్నతనంలోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. చెరువునిండా వేలెడేసి పిల్లలు తయారై, అమ్మకానికి పనికొచ్చే చేప ఉండదు. మగవాటినే పెంచితే ఈ బాధ లేదు. 1960లో మలయాలోని మలక్కాలో హిక్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు మొసాంబిక్ తిలాపియా ఆడచేపలను జాంజిబార్‌నుంచి వచ్చిన మగచేపలతో కలిపితే పుట్టినవన్నీ మగవేనని ప్రకటించాడు. కారణం మీరే చెప్పగలరు. మొదటిదానిలో ఆడది ఎక్స్‌ఎక్స్, రెండోదానిలో మగది జెడ్‌జెడ్. పిల్లలన్నీ ఎక్స్‌జెడ్. ఆడదాన్ని చేసే డబ్ల్యు ఒక్కదానికీ అందలేదు. ఇప్పుడు విజయవాడ దగ్గర మానికొండలో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం మెరుగుపరచిన తిలాపియా జాతిని పెంచి రైతులకు పిల్లలను ఇస్తోంది.

అయితే క్రోమోసోము పట్టు ఇంత సడలుగా ఉంటే ప్రమాదమూ ఉంది. నీళ్ళు బాగా వేడెక్కితే ఎక్స్‌ఎక్స్ మెడాకా పిల్లలు కొన్ని మగవైపోతాయి. తిలాపియాలోనూ ఇది చూశారు. మన దేశపు ఏళ్ళలో పుట్టి ప్రపంచమంతా ప్రయోగశాలలకు పాకిన జీబ్రాచేప సంగతి మరీ విడ్డూరం. నీళ్ళలో పట్టిన చేపల వంశాల్లో, మన బెంగాల్‌లోని నదియానుంచి పోయిన వాటిలో సహా, నాలుగో క్రోమోసోము మీద జెడ్, డబ్ల్యు తేడా ఉంది. ప్రయోగశాలల్లో చాలాకాలంగా పెంచుతున్న ప్రసిద్ధ రకాల్లో అది లేనేలేదని 2014లో తేలింది. మనుషుల గాజుతొట్లలో కొన్ని పదుల ఏళ్ళు ఉండి, ఒక జాతి తన డబ్ల్యుని పోగొట్టుకుంది.

హార్మోనుల సంగతి ఇంకా భయపెట్టేది. కెనడాలో ప్రయోగాలకే కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిలో 2001 నుంచి 2003 దాకా, గర్భనిరోధక మాత్రల్లో వాడే స్త్రీ హార్మోనును లీటరుకు 5, 6 నానోగ్రాములుండేలా కలిపారు. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. అంత కొంచెమే! మురుగునీళ్ళు చేరే ఏళ్ళలో ఈ పాటి కనబడుతూనే ఉంటుంది. ఆ సరస్సులోని ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేపల్లో మగవాటి ముష్కాలు పాడయ్యాయి, కొన్నింటిలో గుడ్లు కనిపించాయి. రెండేళ్ళు గడిచేసరికి ఆ చేప సరస్సులో దాదాపు కనబడకుండా పోయింది. హార్మోను కలపడం ఆపేసిన కొన్నేళ్ళకు మళ్ళీ పెరిగింది. మన చెరువుల్లో ఏమేం కలుస్తున్నాయో, శామీర్‌పేట దాకా పోనక్కర్లేదు, మీ ఇంటి దగ్గర కాలువ ఎటు పోతోందో చూస్తే తెలుస్తుంది.

ఆ రాత్రి నేను బయల్దేరేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పెద్దావిడ గడపలో నిలబడి, "మరి తేల్చినవా సారూ, మా కప్పతల్లి సంగతి?" అంది. మనవరాలు అప్పటికే టార్చి పట్టుకుని గోడ పక్కకు వెళ్ళింది. నీళ్ళతొట్టి దగ్గర ఒక గోండ్రుకప్ప కూర్చుని ఉంది. ముట్టుకోకుండా, దూరంనుంచే దాని గొంతు మీదికి వెలుగు తిప్పింది.

"పసుపు రంగుంది, గొంతు పక్కన ముడతలున్నయి. ఇది మగదే నానమ్మా!"

"కానీలే బిడ్డా, వాన తెచ్చింది గదా" అంది ఆవిడ.